మూడు మెట్లు దించినందుకు

నల్లగొండ నుంచి ఒక టీచరమ్మ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. అందులోని సంగతి ఇది.

ఆమెకు 54 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతారు. చిన్నప్పుడు ఊరి భజనల్లో, బడి వార్షికోత్సవాల్లో పాడేవారు. పెళ్లి, ఉద్యోగం, పిల్లల చదువులతో పాతికేళ్లు పాట మూలకు పడింది. మూడేళ్ల కింద పట్టణంలో ఒక కరోకే బృందంలో చేరారు, అంటే గాయకుల గొంతు లేని ట్రాకు నడుస్తుంటే దాని మీద పాడేవాళ్లు. మొత్తం పద్దెనిమిది మంది. నెలలో రెండు ఆదివారాలు పానగల్లు రోడ్డులో ఒక అద్దె గదిలో కలుస్తారు. లాప్‌టాప్, మిక్సర్, స్పీకర్లు, వేల కొద్దీ ట్రాకులు అన్నీ బృందాన్ని నడిపే సారువే. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నియమం ఒక్కటే: "సినిమాల ఎట్లుంటే అట్లనే పాడాలె. స్కేల్ దించితే అది పాట గాదు." స్కేల్ అంటే పాట శ్రుతి.

రెండేళ్లుగా ఈమె గొంతు కిందికి దిగింది. ఒకప్పుడు తేలిగ్గా అందిన చరణాలు ఇప్పుడు పగులుతున్నాయి. హైదరాబాదులో ఉండే కొడుకు ఫోన్‌లో ఒక యాప్‌తో ట్రాకును హార్మోనియం లెక్కన మూడు మెట్లు దించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ఎవరికీ చెప్పకుండా దాంతో పాడారు. గదంతా చప్పట్లు. "మేడం, ఆ పైస్థాయి ఎంత ఈజీగ అందుకున్నరు!" అన్నారు సారు. ఈమె నవ్వి ఊరుకున్నారు.

సారు ఆ ఫైలును తన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నారు. తర్వాతి నెల ఒక అమ్మాయి అదే పాట ఎత్తుకుంది. ట్రాకేమో ఎక్కడో కింద నడుస్తోంది. పిల్ల పల్లవిలోనే తప్పిపోయి మైకు కింద పెట్టేసింది. సారుకు అనుమానం వచ్చి పాత ఫైలునూ కొత్త ఫైలునూ ఒకదాని వెంట ఒకటి వినిపించారు. అందరి ముందూ అన్నారు: "ఇది మోసం మేడం. పాడ వశం గాకుంటే పాడొద్దు." ఆ రోజు నుంచి ఈమె అటు పోలేదు. భర్త "ఈ వయసుల నీకెందుకు ఇవన్ని" అంటున్నారు. కొడుకు "ఇంట్లనే సెట్ కొనిస్తా, నీ ఇష్టమొచ్చినట్టు పాడుకో" అంటున్నాడు. వచ్చే నెల బృందం వార్షికోత్సవం. సారుతో ఈమె పాడాల్సిన యుగళగీతం జాబితాలో ఇంకా అట్లాగే ఉంది. స్కేల్ దించి పాడటం నిజంగా మోసమా, మళ్లీ పోవాలా మానాలా, పోతే ఆ యుగళగీతం ఎట్లా పాడాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మేడం,

మీ ఉత్తరంలో రెండు ముడులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్నాయి. శ్రుతి దించడం ఒకటి, దించిన సంగతి దాచడం ఒకటి. సారు రెంటికీ కలిపి "మోసం" అన్నారు. మీరూ రెంటికీ కలిపి సిగ్గుపడుతున్నారు. విడదీసి చూద్దాం.

మొదటి దాంట్లో మీ తప్పు ఆవగింజంత కూడా లేదు. మీ ఊరి భజన గుర్తు తెచ్చుకోండి. హార్మోనియం ముందు కూర్చున్న పెద్దమనిషి పాడేవాళ్లను మొదట అడిగే మాట ఏమిటి? "ఏ శ్రుతి?" అనే గదా. ఒకరు ఒకటిన్నర అంటారు, ఒకరు నాలుగు అంటారు. అవి హార్మోనియం మీద శ్రుతికి పెట్టుకున్న అంకెలు. ఆయన ఆ మెట్టు మీద వేలు పెట్టి మొదలుపెడతాడు. కర్ణాటక కచేరీలో ఒకే కీర్తనను ఆడవాళ్లు మామూలుగా ఐదు, ఐదున్నర దగ్గర పాడితే, మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడతారు. మృదంగాన్ని ఆ గొంతుకు సరిపోయేటట్టు శ్రుతి చేస్తారు. గొంతును తెచ్చి మృదంగానికి కట్టెయ్యరు. సినిమా పాటలోనూ సంగీత దర్శకుడు ఆ రోజు పాడే గొంతును చూసుకునే స్కేల్ పెడతాడు. అది సుశీల గారి గొంతుకో, జానకి గారి గొంతుకో కుట్టించిన రవిక. మనకు సరిపోకపోతే కుట్లు విప్పి సరిచేసుకుంటాం.

"ఒరిజినల్" అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. మన పాత టీవీ పద్ధతిలో అదే సినిమా 25 ఫ్రేములతో నడిచేది. అంటే వేగం నాలుగు శాతం ఎక్కువ. దాంతోపాటు పాట శ్రుతి కూడా అర మెట్టుకు పైగానే పెరిగేది. టీవీలో విని నేర్చుకున్నవాళ్లూ, ఆ వీడియోల నుంచి ట్రాకు చేసినవాళ్లూ రికార్డులో ఉన్నదానికంటే పైశ్రుతిలో పడతారు. కొన్ని పాత ట్రాకులకు మీ హార్మోనియం ఏ మెట్టు దగ్గరా కలవకపోవడానికి ఇట్లాంటివే కారణాలు. క్యాసెట్ల నుంచి ఎక్కించినవైతే ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి సారు లాప్‌టాప్‌లో ఉన్నదంతా అసలు శ్రుతి అని ఆయన కూడా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు. ఈ మాటను ఆయన మీదికి ఆయుధంగా తీసుకుపోకండి. మీ మనసుకు చెప్పుకోండి చాలు.

అసలు కరోకే ఎట్లా పుట్టిందో చూడండి. జపాన్‌లోని కోబె నగరంలో డైసుకే ఇనోయే అని ఒక వాద్యకారుడు ఉండేవాడు. బార్లలో పాడే మామూలు మనుషుల పక్కన కూర్చుని వాయించేవాడు. ఆయన వాయిస్తేనే తనకు పాట వస్తుందని ఒక కస్టమరు పట్టుబడితే, వాయిద్యాన్ని టేపు మీద రికార్డు చేసి ఇచ్చాడు. దాని నుంచే 1971లో యంత్రం వచ్చింది. పాడేవాడి వెనక నడవడం కోసం పుట్టిన విద్య ఇది. కరోకే యంత్రాల మీద కీ, అంటే శ్రుతి, మార్చే బటన్లు ఉండేదీ అందుకే.

ఇక రెండో ముడి. ఇక్కడ నేను మీ పక్షాన పూర్తిగా నిలబడలేను. సారు మెచ్చుకున్న మాటను మళ్లీ చదవండి. మీ భావాన్నీ, మీ పలుకునూ ఆయన మెచ్చుకోలేదు. "ఆ పైస్థాయి ఎంత ఈజీగ అందుకున్నరు" అన్నారు. ఆ పైస్థాయి మీరు అందుకోలేదు, అదే మూడు మెట్లు దిగి మీ దగ్గరికి వచ్చింది. ఆ క్షణంలో "లేదు సార్, మా వాడు దించి ఇచ్చిండు" అని ఒక్క మాట అంటే కథ అక్కడికే అయిపోయేది. మీరు నవ్వి ఊరుకున్నారు. మనుషులం, చప్పట్లు తియ్యగా ఉంటాయి. పాతికేళ్లు మూతబడిన గొంతుకు ఇంకా తియ్యగా ఉంటాయి. దాన్ని నేను మోసం అనను. కానీ మీకు చెందని ఒక చిన్న మెప్పును దాచుకున్నారు, దాని వల్ల ఒకరు దెబ్బతిన్నారు.

ఆ ఒకరు సారు కాదు, పల్లవిలో తప్పిపోయి మైకు కింద పెట్టేసిన ఆ అమ్మాయి. ఆరు పేజీల ఉత్తరంలో ఆమెకు మీరు రెండు వాక్యాలే ఇచ్చారు. తన గొంతే చెడిందని ఆ పిల్ల ఎంతసేపు అనుకుని ఉంటుంది? ముందు ఆమెకు ఫోన్ చేయండి. క్షమాపణ ఎవరికైనా బాకీ ఉంటే ఆమెకే. మీరు బృందంలోకి తిరిగి వెళ్లినా వెళ్లకపోయినా ఈ ఫోన్ మాత్రం చెయ్యాల్సిందే. ఉత్తరం మొత్తం మీద "ఇట్లనే చెయ్యండి" అని నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే.

సారు పద్దెనిమిది మంది ముందు ఒక టీచరును "పాడ వశం గాకుంటే పాడొద్దు" అనడం మొరటుతనం. అందులో రెండో మాట లేదు. అయినా ఆయన వైపు నుంచి చూడండి. సొంత డబ్బుతో సెట్ కొన్నారు, ట్రాకులు పోగు చేశారు, ఆదివారాలు ధారపోశారు. పేరు మార్చని ఫైలొకటి ఆయన ట్రాకుల్లోకి చొరబడి ఆయన ముందే అభాసుపాలు చేసింది. ఇంకో సంగతి. మీరు మాటవరసకు రాశారు: "సారు ఈ మధ్య చరణం చివర మైకు దూరంగ పట్టుకుంటున్నరు, ఎకో పెంచుతున్నరు." మేడం, నాకు ఆ వాక్యం దగ్గర చదవడం ఆగిపోయింది. పైస్వరం అందని మగవాళ్లు చేసే పని అదే. నా ఊహ తప్పు కావచ్చు. నిజమే అయితే, స్కేల్ దించడం మీద ఆయన కోపంలో సగం తన గొంతు మీద భయం. జాబితాలో మీ పేరు తీసెయ్యకపోవడం కూడా గమనించండి.

మీ గొంతు సంగతి. ఆ వయసులో హార్మోన్ల మార్పుతో ఆడవాళ్ల గొంతు కొంత బరువెక్కి కిందికి దిగడం మామూలే. దానికి తోడు ముప్పై ఏళ్లు అరవై మంది పిల్లల మీద గొంతెత్తి చెప్పారు. అయితే గొంతు దిగడం వేరు, బొంగురుపోవడం వేరు. మాట్లాడేటప్పుడు కూడా బొంగురు ఉండి మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి. ఆ సంగతి తేల్చుకోకుండా పైస్వరాల కోసం గుంజుకోవద్దు.

ఇప్పుడు శ్రుతి దించే సాఫ్ట్‌వేర్. "సౌండ్ చెడిపోతదని సారు అంటరు, నిజమేనా" అని అడిగారు. సగం నిజం.

టేప్‌రికార్డరులో సెల్లులు అయిపోతుంటే పాట ఎట్లా అయ్యేదో మీకు గుర్తుండే ఉంటుంది. నెమ్మదయ్యేది, గొంతు లావయ్యేది. వేగం, శ్రుతి రెండూ కట్టేసిన ఎద్దుల్లాగా కలిసి నడిచేవి. ఆ పద్ధతిలో మూడు మెట్లు దించితే నాలుగు నిమిషాల పాట నాలుగు నిమిషాల నలభై అయిదు సెకన్లు పడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లు ఆ కాడి విప్పేశాయి. శబ్దాన్ని కన్నుమూసి తెరిచేంత కూడా పట్టని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి అతికించుకుంటూ పోతాయి. తాళం కదలదు, శ్రుతి మాత్రం దిగుతుంది. కానీ అతుకు అతుకే. వయోలిన్లు, వేణువు లాంటి సాగే శబ్దాల్లో అతుకు కనిపించదు. డోలక్, తబలా దెబ్బలు మెత్తబడతాయి. కోరస్‌లో ఆడవాళ్ల గొంతులుంటే మగ గొంతుల్లా మొద్దుబారతాయి. ఒకటి రెండు మెట్లకు ఎవరూ పసిగట్టరు. మూడు ఫరవాలేదు. అయిదు దాటితే నేను కూడా ఆ ట్రాకుతో పాడమనను.

నేను ఒకప్పుడు సూర్యాపేట, మిర్యాలగూడ వైపు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయించేవాణ్ని. దాంట్లో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే ఎన్ని మెట్లు జరిపినా శబ్దం చెడదు, ఎందుకంటే స్వరం అప్పటికప్పుడు కొత్తగా పుడుతుంది. ట్రాకు అట్లా కాదు, వండేసిన కూర. అన్నట్టు, ఒకసారి గాయని కోసం రెండు మెట్లు ఎక్కించి, తర్వాత సున్నాకు తేవడం మరిచిపోయాను. తర్వాతి పాటకు గిటారు ఒక శ్రుతిలో, నేను ఒక శ్రుతిలో. ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు జరిగినట్టయింది. అప్పటి నుంచి ఏ పాటకు ఎంత జరిపానో చేతి మీద పెన్నుతో రాసుకునేవాణ్ని. మీ ఫైలు పేరు చివర "మైనస్ మూడు" అని ఉంటే ఆ అమ్మాయికి ఆ గతి పట్టేది కాదు.

ఫోన్ యాప్ ఇంట్లో సాధనకు చాలు. పది మందిలో పెద్ద స్పీకర్ల మీద పాడేదానికైతే కంప్యూటరులో చేయించండి. ఆడాసిటీ అని 2000 నుంచి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్ ఉంది. ట్రాకు తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో ఛేంజ్ పిచ్ తెరిస్తే సెమీటోన్స్ అని ఒక గడి ఉంటుంది. సెమీటోన్ అంటే హార్మోనియం మీద పక్క మెట్టే, నల్లవీ తెల్లవీ కలిపి లెక్క. మైనస్ రెండు కావాలంటే అట్లాగే కొట్టండి. హై క్వాలిటీ అన్నచోట టిక్కు పెట్టండి, కొంచెం ఆలస్యమైనా శుభ్రంగా వస్తుంది. స్పీడ్ పేరున్న ఎఫెక్టును ముట్టుకోకండి, అది మన సెల్లులయిపోయిన టేప్‌రికార్డరే. దించిన ఫైలునే మళ్లీ దించడం, ఎక్కించడం చెయ్యొద్దు. సంఖ్య మార్చాలనుకున్న ప్రతిసారీ మొదటి ఫైలు దగ్గరికే పోవాలి. ఇంకో చిట్కా: మగవాళ్ల పాటను ఏడు మెట్లు ఎక్కించినా అయిదు దించినా చేరేది ఒకే శ్రుతికి, స్థాయికి మెట్లు పన్నెండే గనుక. తక్కువ జరిపే దారి పట్టండి.

యుగళగీతం దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. శ్రుతి ఒకటే, గొంతులు రెండు. మీకు హాయిగా ఉండేట్టు దించితే సారు కిందిస్వరాలు గొణుగుడు అవుతాయి. మీ చరణం ఒక శ్రుతిలో, ఆయన చరణం ఒక శ్రుతిలో ముక్కలు చేసి అతికించేవాళ్లూ ఉన్నారు. నేను విన్నవన్నీ గతుకుల రోడ్డు మీద బస్సులాగానే ఉన్నాయి. దానికంటే కొలత మంచిది. ఆ పాటలో మీ భాగంలోని అన్నిటికంటే పైస్వరం హార్మోనియం మీద ఎక్కడుందో చూడండి. మీ గొంతు పగలకుండా "ఆ" అని పట్టి నిలబడగల చివరి మెట్టు ఏదో చూడండి. పొద్దున్నే కాదు, మూడు పాటలు పాడి కాస్త అలిసినాక చూడాలి. రెంటికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో అదే మీకు దించాల్సిన సంఖ్య. సారు అట్లాగే తన కిందిస్వరం దగ్గర ఎన్ని మెట్లు దిగినా మాట వినబడుతుందో కొలుచుకోవాలి. మీకు మూడు కావాలి, ఆయనకు రెండే చోటుంది అనుకోండి. రెండు దించి, మిగిలిన ఒక్కచోట మీరు స్వరాల నడక మార్చి కిందినుంచి వస్తే సరిపోతుంది. ఇద్దరి లెక్కలూ అసలే కలవకపోతే పాట మార్చుకోవడం నామోషీ ఏమీ కాదు.

ఇక పోవాలా మానాలా అన్నది. వార్షికోత్సవంలో పట్టుదలకు పోయి సినిమా శ్రుతిలోనే పాడొచ్చు. అందితే సారు నోరు మూతపడుతుంది, అందకపోతే "చెప్పిన గదా" అనే మాటకు మీరే వేదిక కట్టి ఇచ్చినట్టు. పైగా పంతానికి గుంజిన గొంతు మర్నాడు క్లాసులో పలకదు. మానేస్తే గొడవ ఉండదు. కానీ "మోసం" అన్న మాటే ఆ గదిలో మీ గురించి చివరి మాటగా మిగిలిపోతుంది, అది మిమ్మల్ని ఎంత కుదుపుతుందో మీకే తెలియాలి. కొడుకు చెప్పినట్టు ఇంట్లో సెట్ పెట్టుకోవడం మంచి ఆలోచనే. మీ శ్రుతి, మీ ఇష్టం. కాకపోతే నలుగురి ముందు పాడే అలవాటు మూడేళ్లుగా పడింది మీకు. ఒక్కరే గోడకు పాడుకుంటూ ఎన్నాళ్లు ఉండగలరు? బృందంలోనే మీలాగా గొంతు దిగినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. వాళ్లను ఇంటికి పిలిచి మొదలుపెడితే ఆ సెట్‌కు అర్థం ఉంటుంది. అయితే "వేరు కుంపటి పెట్టింది" అనే మాట పడటానికి కూడా సిద్ధపడాలి.

తిరిగి పోవాలని మనసు ఉంటే, ఆ గదిలోకి నేరుగా అడుగు పెట్టకండి. మీరూ సారూ కూడా పొద్దున ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి నడకకు పోతామని రాశారు. అక్కడైతే లాప్‌టాప్ ఉండదు, చూసే పద్దెనిమిది మంది ఉండరు. "చెప్పకపోవుడు నాది తప్పు సార్. దించి పాడుడు మాత్రం తప్పని నేను అనుకోను" అని రెండూ ఒకే ఊపిరిలో చెప్పండి. మొదటిది ఒక్కటే చెబితే లొంగినట్టు, రెండోది ఒక్కటే చెబితే కొట్లాటకు పోయినట్టు ఉంటుంది. ఆయన ఒప్పుకుంటే, ఎవరు ఎంత దించారో పాటకు ముందు మైకులో చెప్పే పద్ధతి పెట్టమనండి. ఒప్పుకోకపోతే ఆ గది ఆయనది, సెట్ ఆయనది. అప్పుడు మీ ఇంట్లో సెట్ మాట గట్టిగా ఆలోచించుకోవచ్చు. ఆయన మైకు దూరంగా పట్టుకునే సంగతి మాత్రం ఎత్తకండి. ఆయనే ఎత్తితే వినండి.

మీవారి మాటకు నేను జవాబు రాయను. వార్షికోత్సవానికి ముందు వరసలో కూర్చోబెట్టండి.

ఆ అమ్మాయికి ఫోన్ చేసిన రోజే హార్మోనియం దుమ్ము దులిపి మీ పైస్వరం కొలుచుకోండి. సంఖ్య కాగితం మీద రాసుకుని కట్ట మీదికి తీసుకుపొండి. సారును తన కిందిస్వరం సంఖ్య అడగటానికి అది పనికొస్తుంది.